సున్నుండకు నీళ్లలో ఇల్లు

మనిషి ఎంత ఎదిగాడో తెలుసుకోవడానికి చంద్రుడి మీద దిగిన యంత్రాలను చూడనక్కర్లేదు. ఏదైనా ఒక అపార్ట్‌మెంట్ సంఘం నియమావళి తెరిచి చదివితే చాలు. నిప్పు కనిపెట్టిన రోజు మొదలుకొని "లిఫ్టులో పచ్చడి జాడీలు నిలువుగా మాత్రమే తీసుకువెళ్లవలెను" అనేంత వరకూ నాగరికత నడిచిన దారంతా అందులో కనిపిస్తుంది.

అమీర్‌పేట మెట్రో దిగి, కోర్సుల కరపత్రాలు పంచేవాళ్లను తప్పించుకుని మధురానగర్ వైపు నడిస్తే శ్రీ వైభవ రెసిడెన్సీ అనే భవనం వస్తుంది. (వైభవం అంటే ఏమిటో నియమావళిలో నిర్వచించలేదు.) అందులో మూడో అంతస్తులో చక్రపాణి, అరుణాదేవి ఉంటారు. సొంతూరు కాకినాడ. చక్రపాణి ఖైరతాబాద్‌లో ఒక సర్కారీ ఆఫీసులో సూపరింటెండెంటు. వచ్చిన ఫైలులో లోపం కనిపెట్టి, దాన్ని వచ్చినచోటికే పంపడం ఆయన వృత్తి. ఆయన బల్ల మీద నుంచి మొదటిసారికే ముందుకు కదిలిన ఫైలు లేదని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు గౌరవంగా చెబుతారు.

అరుణాదేవికి బీపీ ఉంది. పంజాగుట్టలో ఆమెను చూసే డాక్టరు ఒకరోజు మందులు మార్చడం మానేసి, "అమ్మా, మీరు పగలంతా ఒంటరిగా కూర్చుంటున్నారు. ఒళ్లో పెట్టుకుని నిమరడానికి ఏదైనా ప్రాణిని తెచ్చుకోండి" అన్నాడు. పక్కనే కూర్చున్న చక్రపాణి కాస్త నొచ్చుకున్నాడు. కాని ఒళ్లో పట్టే పరిమాణం తనకు లేదు కనుక డాక్టరు మనసులో ఉన్నది తను కాదని సర్దిచెప్పుకున్నాడు.

నియమావళి ప్రకారం కుక్క పనికిరాదు, పిల్లి పనికిరాదు, మాట్లాడే చిలక అసలే పనికిరాదు. (సంఘం సమావేశాల్లో విన్న మాటలు బయట చెబుతుందని భయం.) అందుకని అరుణాదేవి రెండు హ్యామ్‌స్టర్లను తెచ్చుకుంది. ఇవి ఎలుకకు దూరపు చుట్టాలు. తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. తిండి దొరికితే తినకుండా బుగ్గల్లో దాచుకుంటాయి. పసుపుపచ్చగా, చుక్కలు చుక్కలుగా ఉన్నదానికి బూంది అనీ, గోధుమరంగులో గుండ్రంగా ఉన్నదానికి సున్నుండ అనీ పేర్లు పెట్టింది. మధ్యాహ్నం వాటిని ఒళ్లో వేసుకుని కాకినాడ కబుర్లన్నీ చెప్పేది. అవి అడ్డు రాకుండా వినేవి. తరవాతిసారి బీపీ చూసిన డాక్టరు, యంత్రం పాడైందేమోనని ఇంకో యంత్రంతో చూశాడు.

అంతా బాగానే ఉండేది. అరుణాదేవి నిజాయితీపరురాలు కావడం వల్ల కథ నడిచింది.

సంఘానికి 'గుమ్మం' అనే యాప్ ఉంది. ఇంట్లో ఉన్న ప్రాణులన్నిటినీ అందులో నమోదు చేయాలని సంఘం సందేశం పంపింది. అరుణాదేవి తెరిచి చూసింది. కుక్క, పిల్లి, చిలక, చేప, ఎలుక అని ఉన్నాయి. హ్యామ్‌స్టర్ లేదు. 'ఇతరములు' నొక్కితే, 'ఇతరములు అనుమతించబడవు' అని వచ్చింది. ఆమె ఆలోచించి, ఉన్నవాటిలో దగ్గరి బంధువు కదా అని 'ఎలుక' నొక్కింది.

కాసేపటికి కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో జిగురు అట్టలూ మందు డబ్బా పట్టుకుని ఒక మనిషి నిలబడ్డాడు. అదే సమయానికి ఫోన్‌లో సందేశం వచ్చింది. "మీ అభ్యర్థన స్వీకరించబడినది. నిర్మూలన పూర్తయ్యాక మా సేవకు నక్షత్రాలు ఇవ్వగలరు."

ఆ మనిషిని అరుణాదేవి ఎలాగో కాఫీ ఇచ్చి పంపేసింది. కాని సాయంత్రానికి సంఘం కార్యదర్శి రాజనర్సయ్య స్వయంగా వచ్చాడు. ఆయన రిటైరైన లెక్చరరు. భవనంలో ఎవరు తుమ్మినా సర్క్యులర్ రాయగల ఓపిక ఉన్నవాడు.

"చక్రపాణి సార్, మీ ఇంట్ల ఎలుకలున్నయని మేడమే యాప్‌ల రాసింది. నేను రాయలె" అన్నాడు.

"అవి ఎలుకలు కావండీ. హ్యామ్‌స్టర్లు."

"పేరు ఇంగ్లీషుల పెడితే జాతి మారుతదా సార్? రూల్ల 'కొరుకు జంతువులు నిషిద్ధము' అని ఉన్నది. మీయి కొరుకుతయా, కొరకయా?"

చక్రపాణి జవాబు ఆలోచిస్తుండగా లోపలి గదిలోంచి బూంది పంజరం చువ్వను కొరుకుతున్న చప్పుడు శ్రద్ధగా వినిపించింది. రాజనర్సయ్య చెవి అటు పెట్టాడు. ఆ చప్పుడును సాక్ష్యంగా స్వీకరించినట్టు తలూపాడు.

"ఆదివారం దాంక టైమిస్తున్న. అటెన్క సిస్టమే మనిషిని పంపుతది. జర అర్థం చేసుకోండ్రి, నా చేతుల ఏం లేదు."

(ఈ చివరి మాట చక్రపాణి ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ రోజూ అంటున్నదే. ఇంకొకరి నోట వింటే ఇంత చప్పగా ఉంటుందని ఆయనకు తెలియదు.)

రాజనర్సయ్య వెళ్లాక అరుణాదేవి ఏడవలేదు. సున్నుండను అరచేతిలో పెట్టుకుని, "పోనీలెండి, ఎవరికైనా ఇచ్చేద్దాం" అంది.

చక్రపాణికి ఆ "పోనీలెండి" బాగా పరిచయం. సంగీతం క్లాసుకు వెళ్లవద్దన్నప్పుడు అదే అంది. అరకు ప్రయాణం రద్దయినప్పుడూ అదే అంది. తన భార్య పెట్టుకున్న ప్రతి చిన్న కోరికా ఏదో ఒక చిన్న లోపంతో ఇంట్లోనే తిరిగొచ్చేసిందని ఆయనకు ఆ క్షణాన తోచింది. తోచగానే, అలాంటి ఆలోచనలు అలవాటు లేనివాడు కాబట్టి, లేచి నియమావళి తీసి కళ్లజోడు పెట్టుకున్నాడు.

లోపం పట్టడం ఆయనకు ఊపిరి పీల్చడం లాంటిది. ఆ రోజు మొదటిసారి దాన్ని ఇంటి కోసం వాడాడు. కొరుకు జంతువుల నిషేధం కిందే ఒక చిన్న వాక్యం ఉంది. "అక్వేరియములో నివసించు జీవములకు పై నిషేధము వర్తించదు."

"అరుణా, ఇటు రా" అన్నాడు. "ఇక్కడ చేపలు అని లేదు. జీవములు అని ఉంది."

"అయితే?"

"అక్వేరియంలో నివసిస్తే చాలు. ఈదాలని ఎక్కడా రాయలేదు."

అరుణాదేవి భర్త ముఖంలోకి చూసింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి రైలు టికెట్టు దొరికినప్పుడు ఆ ముఖం అలా వెలిగింది.

మర్నాడు ఆయన సెలవు పెట్టి అమీర్‌పేటలో అక్వేరియంలు అమ్మే షాపుకు వెళ్లాడు. ఏ చేపలు కావాలని అడిగిన షాపు యజమానికి ఎలుకల్లాంటివని చెప్పాడు. ఎలుకలు నీళ్లలో ఉండాలి గాని తడవకూడదన్నాడు. యజమాని చాలాసేపు ఆలోచించి, కృష్ణానగర్‌లో ఉండే విన్సెంట్ ఫోన్ నంబరు ఇచ్చాడు.

విన్సెంట్ సీరియళ్లకూ సినిమాలకూ సెట్లు వేసే మనిషి. ఈ మధ్యే ఒక పౌరాణిక సీరియల్‌కు నాగలోకం కట్టాడు. హాల్లో నిలబడి సోఫా ఉన్న చోటును రెండు చేతుల మధ్య నుంచి, ఒక కన్ను మూసి చూశాడు.

"నీళ్ల లోపల ఇల్లు, లోపల తడి ఉండొద్దు. సమజైంది సార్. సీన్ ఏంది?"

"సీనేం లేదయ్యా. ఉండటానికి."

"ఉండటానికా?" అన్నాడు విన్సెంట్. తను కట్టినదాంట్లో నిజంగా ఎవరైనా కాపురం ఉండటం అతని వృత్తి జీవితంలో ఇంతవరకూ జరగలేదు. కొంచెం బెదిరినట్టు కనిపించాడు. "అయితే మేకులు గట్టిగ కొట్టాలె."

సోఫా బాల్కనీలోకి వెళ్లింది. దాని స్థానంలో గోడంత గాజు తొట్టి వచ్చింది. తొట్టి అడుగున, అద్దంలా కనిపించే దళసరి ప్లాస్టిక్‌తో బోర్లించిన గిన్నెలాంటి ఇల్లు. ఇంటి నెత్తి మీద నుంచి నీళ్ల పైదాకా వెడల్పాటి గొట్టం, అందులో మెట్లు. హ్యామ్‌స్టర్లు పైకెక్కితే అరుణాదేవి ఒళ్లోకి రావచ్చు, దిగితే పాతాళానికి పోవచ్చు. ఇంకో సన్న గొట్టం గాలికి.

లోపల తడి చేరుతుందో లేదో చూడటానికి అరుణాదేవే ఉపాయం చెప్పింది. ముందు ఇంటిని పూర్తిగా బిగించి, చుట్టూ నీళ్లు పోసి, గొట్టం లోంచి వేయించిన అప్పడం ఒకటి దించారు. పైకి తీసి చూస్తే అది మెత్తబడి వంగిపోయింది. విన్సెంట్ నీళ్లు తోడించి, అతుకులు మళ్లీ వేసి, పాత కంప్యూటర్లు బాగుచేసే షాపు నుంచి చిన్న ఫ్యాను తెచ్చి గాలి గొట్టానికి పెట్టాడు. మళ్లీ నీళ్లు పోశారు, మళ్లీ అప్పడం దించారు. ఈసారి పైకి తీసి విరిస్తే ఫెళ్లుమంది. ముగ్గురూ తలో ముక్కా తిన్నారు.

తరవాత అలంకరణ. విన్సెంట్ తన నాగలోకంలో మిగిలిన బంగారు రంగు రాజభవనాన్ని చిన్నది చేసి తెచ్చాడు. శిఖరాలు, ద్వారపాలకులు, ముత్యాల తోరణాలు అన్నీ ఉన్నాయి. చక్రపాణి వంగి చూశాడు.

"దీనికి వెనకభాగం ఏదీ?"

"కెమెరా అటు పోదు సార్."

"వాళ్లు ఉండేది అటేగా."

విన్సెంట్ ఆ కోణంలో ఆలోచించలేదు. మొత్తానికి హాల్లో కూర్చున్నవాళ్లకు రాజభవనం కనబడేది. లోపల కాపురమున్నవాళ్లకు చెక్క, నాలుగు మేకులు, "ఈ వైపు కింద" అని రాసిన బాణం గుర్తు కనబడేవి. (ఈ విషయంలో ఆ ఇల్లు నగరంలోని చాలా ఇళ్లకు తీసిపోలేదు.)

అరుణాదేవి ఆగ్నేయ మూల వంటిల్లని గింజల గిన్నె అక్కడ పెట్టించింది. పాత వెంకటగిరి చీర అంచు కత్తిరించి తెరలు కుట్టింది. చిన్న ఊయల, పరుగెత్తడానికి చక్రం, గుమ్మానికి ఆకుపచ్చ దారంతో మామిడాకుల తోరణం. ఈశాన్యంలో నీళ్లుండాలనే నియమం ఉండనే ఉంది. మిగతా దిక్కుల్లో కూడా ఉన్నాయి. ఎక్కువైతే దోషమని ఎవరూ చెప్పలేదు. ఆ నీళ్లలో నాలుగు చేపల్ని కూడా వదిలారు.

ఆదివారం ఉదయం గృహప్రవేశం. చక్రపాణి పంచె కట్టుకున్నాడు. పాలు పొంగించారు. బూంది గొట్టం మెట్లు దిగి తిన్నగా వంటిల్లు చేరి బుగ్గలు నింపుకుంది. సున్నుండ గోడ దగ్గరికి వెళ్లింది. అవతల ఒక ఎర్ర చేప వచ్చి ఆగింది. రెండూ ముక్కు ముక్కు ఆనించి ఒకదాన్నొకటి చాలాసేపు చూసుకున్నాయి. పక్కింటివాళ్లు ఎలాంటివాళ్లో అని ఎవరికైనా ఉంటుంది. అరుణాదేవి నవ్వింది. గట్టిగా, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. చక్రపాణి ఆ నవ్వు విని ఎటు చూడాలో తెలియక ఫ్యాను సరిచేశాడు.

పది గంటలకు రాజనర్సయ్య వచ్చాడు. తొట్టి చుట్టూ తిరిగాడు. గాజు మీద వేలితో తట్టాడు. చేపలు ఒక్కసారి, సున్నుండ ఒక్కసారి ఆయన్ను చూశాయి. చక్రపాణి నియమావళి చదివి వినిపించాడు. రాజనర్సయ్య అది తను రాసిందే కాబట్టి గౌరవంగా విన్నాడు.

"అక్వేరియంల ఉన్నయి. ఒప్పుకుంట" అన్నాడు చివరికి. "కానీ సార్, లోపల గోడలున్నయి. పైకప్పున్నది. వంటిల్లు సుత ఉన్నది. అంటే గిదో గది. ఫ్లాట్ల కొత్త గది కట్టాల్నంటే పర్మిషన్ గావాలె. మీరు సర్కారు మనిషి, మీకు నేను చెప్పాల్నా?"

చక్రపాణి మనసులో ఆ ఎత్తును మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు.

పంజాగుట్ట చౌరస్తా దాటాక ఒక చీరల షాపు పైన 'నగర సూక్ష్మ నిర్మాణాల క్రమబద్ధీకరణ విభాగం' ఉంది. చక్రపాణి సోమవారం టోకెన్ తీసుకుని వరసలో కూర్చున్నాడు. వరసకు ఇటువైపు ఆయన కూర్చోవడం ఇదే మొదలు. ఇక్కడి కుర్చీలు ఎందుకో ముందుకు వాలి ఉన్నాయి.

మొదటిసారి దరఖాస్తు 'ఎత్తు' దగ్గర తిరిగొచ్చింది. నిర్మాణం నీటిమట్టానికి కింద ఉంది కాబట్టి ఎత్తు సున్నాకన్నా తక్కువ. కంప్యూటరు మైనస్ గుర్తు తీసుకోదు. కిటికీలోని మనిషి, ఇంటిని కాస్త పైకి లేపమనీ లేదా నీళ్లను కిందికి దించమనీ సలహా ఇచ్చాడు.

రెండోసారి 'నివాసులు' దగ్గర తిరిగొచ్చింది.

"ఇద్దరూ ఆడవాళ్లే కదా" అన్నాడు కిటికీలోని మనిషి. "చుట్టాలా?"

"కాదు. ఒకే షాపు."

"చుట్టరికం లేని ఇద్దరు ఆడవాళ్లు ఒక గదిలో ఉండి, వంట ఉమ్మడిగా ఉంటే దాన్ని లేడీస్ హాస్టల్ అంటారు సార్. అమీర్‌పేటలో ఇంకేమంటారు? వార్డెన్ పేరు రాయండి, గేటు మూసే వేళ రాయండి."

చక్రపాణి ఇంటికి ఫోన్ చేశాడు. వార్డెన్‌గా తను ఉంటానని అరుణాదేవి ఒప్పుకుంది. గేటు మూసే వేళ ఎనిమిదిన్నర అని రాయమంది. (హ్యామ్‌స్టర్లు మేలుకునేదే అప్పుడు. కాని ఏ హాస్టల్లో మాత్రం నివాసుల్ని అడిగి రాశారు?)

మూడోసారి అగ్నిమాపక నిబంధన. నిప్పంటుకుంటే నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయని అడిగారు. 'ఆనుకుని' అని రాశాడు. సమీపంలో నీళ్లుంటే మునిగే ప్రమాదం లేదని వేరే హామీ ఇవ్వమన్నారు. ఆ రోజు మెట్లు దిగుతూ చక్రపాణి మధ్యలో కూర్చుండిపోయాడు. పక్క మెట్టు మీద ఎవరో పెద్దాయన ఫైలు ఒళ్లో పెట్టుకుని నిమురుతున్నాడు. ఆయనకూ బీపీ ఉండి ఉంటుందని చక్రపాణి అనుకున్నాడు.

అయినా వదల్లేదు. ఇంటికి వెళ్లేసరికి అరుణాదేవి రోజూ గుమ్మంలోనే, "ఏమన్నారండీ?" అని అడిగేది. "పోనీలెండి" అనడం లేదు. ఆ తేడా కోసమే ఆయన మర్నాడు మళ్లీ టోకెన్ తీసుకునేవాడు.

చివరికి దరఖాస్తు లోపలికి వెళ్లింది. అందులో 'నిర్మాణ స్థలం' అన్నచోట ఆయన చేతులారా 'ట్యాంకు లోపల' అని రాశాడు. సర్కారు భాషలో ట్యాంకంటే చెరువు కనుక, అది చదవగానే కంప్యూటరు తనంతట తానే దాన్ని జలాశయ ఆక్రమణల నిరోధక విభాగానికి పంపింది.

ఆపై వారం గురువారం ఉదయం కేదార్ అనే యువ ఇంజనీరు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. అతని వెనక వీధి మొగలో పసుపుపచ్చ కూల్చివేత యంత్రం కూడా వచ్చింది గాని, హాస్టళ్ల ముందు నిలిపిన బైకుల మధ్య ఇరుక్కుని అక్కడే ఆగింది. కేదార్ చెప్పులు గుమ్మంలో విడిచి, కాఫీ తాగి, నోటీసు చదివాడు.

"ట్యాంకు పూర్తి నీటిమట్టం లోపల శాశ్వత నిర్మాణం గుర్తించబడినది. తక్షణమే తొలగించవలెను."

రాజనర్సయ్య చూడటానికి వచ్చి సోఫా లేనందువల్ల గోడకానుకుని నిలబడ్డాడు. అరుణాదేవి లేచి తొట్టి ముందుకు వెళ్లింది. లోపల సున్నుండ ఊయలలో నిద్రపోతోంది.

"బాబూ, ముందు నన్ను తొలగించు" అంది.

కేదార్ ఇబ్బందిగా చూశాడు. "మిమ్మల్ని తొలగించే విభాగం వేరే మేడమ్."

ఆమె కదల్లేదు. ఆమె చీర కొంగు నడుముకు దోపుకోవడం చక్రపాణి చూశాడు. ఆయన తన బల్ల దగ్గర కూర్చున్నప్పటిలా కళ్లజోడు సర్దుకున్నాడు.

"కేదార్ గారూ, ఒక్క సందేహం. ట్యాంకులో ఇల్లు కడితే ఆక్రమణ. ఒప్పుకుంటాను. ఇల్లున్న చోటికి నీళ్లొస్తే?"

"అర్థం కాలేదు సార్."

చక్రపాణి విన్సెంట్‌ను పిలిపించాడు. విన్సెంట్ షూటింగ్ మధ్యలోంచి, చెవి మీద పెన్సిలుతో అలాగే వచ్చాడు.

"ముందు ఇల్లు కట్టావా, నీళ్లు పోశావా?"

"ఇల్లే సార్. ఇల్లు బిగించినంకనే నీళ్లు పోసినం."

"అంటే ఇల్లు కట్టిన నాటికి ఇది పొడినేల" అన్నాడు చక్రపాణి. "నివాసం ముందునుంచీ ఉంది. నీళ్లు తరవాత వచ్చి చుట్టుకున్నాయి."

కేదార్ తొట్టిని చూశాడు, పుస్తకం తిరగేశాడు, మళ్లీ తొట్టిని చూశాడు. ఇంతకుముందు ఈ మాట అతనికి చాలామంది చెప్పారు గాని సాక్షితో సహా ఎవరూ చెప్పలేదు. పాత నోటీసు మడిచి సంచిలో పెట్టుకుని కొత్తది రాశాడు. నీళ్లు నివాసాన్ని ఆక్రమించినట్టు గుర్తించడమైనదనీ, నీళ్లకు అభ్యంతరముంటే వెంటనే తెలపాలనీ, లేనిచో అభ్యంతరం లేనట్టు భావిస్తామనీ రాసి తొట్టికి అంటించాడు. అందరూ కాసేపు ఎదురుచూశారు. నీళ్లు ఏమీ అనలేదు.

"అయితే నివాసానికి అనుమతి ఇచ్చేయవచ్చు" అన్నాడు కేదార్. అరుణాదేవి అప్పుడు కూర్చుంది. విన్సెంట్ తన జన్మలో కట్టిన సెట్టొకటి కూలకుండా నిలవడం చూసి కళ్లు తుడుచుకున్నాడు. కేదార్ అందుకున్నాడు. "చిన్న లాంఛనం. ఈ నివాసం ఏ భవనంలో ఉందో ఆ భవనపు నివాసయోగ్యతా పత్రం జతచేయాలి. కార్యదర్శి గారి దగ్గర ఉంటుంది కదా."

అందరూ రాజనర్సయ్య వైపు తిరిగారు.

"బిల్డర్ దగ్గరుండె" అన్నాడు రాజనర్సయ్య.

"బిల్డర్ గారు ఎక్కడున్నారు?"

"గాయన ఇప్పుడు ఇంకో పేరు మీద బిల్డర్."

కేదార్ తన పలకలాంటి కంప్యూటరు తీసి వెతికాడు. శ్రీ వైభవ రెసిడెన్సీ దొరికింది. "నిర్మాణంలో ఉన్నది" అని ఉంది. పత్రం ఎప్పుడూ తీసుకోలేదు. రికార్డు ప్రకారం ఈ భవనంలోకి ఇంకా ఎవరూ రాలేదు. ఇక రాజనర్సయ్య కాపురముంటున్న పై వాటా సంగతికొస్తే, రికార్డులో అక్కడ ఆకాశం ఉంది.

ఆ మధ్యాహ్నం కేదార్ ఎవరినీ నొప్పించకుండా, ఎక్కడా గొంతు పెంచకుండా ఉత్తర్వు తయారు చేశాడు. నీళ్లలోని నివాసం అన్ని నిబంధనలకూ లోబడి ఉన్నది. అనుమతి మంజూరు. నివాసులు ఇద్దరు, వార్డెన్ ఒకరు. భవనంలో మిగిలినవారంతా నిర్మాణంలో ఉన్న కట్టడంలోకి అక్రమంగా చొరబడినవారు. వెంటనే ఖాళీ చేయవలెను. వీధి మొగలో యంత్రం కూడా అప్పటికి బైకుల మధ్య నుంచి బయటపడింది.

కబురు మెట్ల మీదుగా పాకింది. లిఫ్టు దిగి, మెట్లు దిగి, భవనమంతా చక్రపాణి హాల్లోకి వచ్చి చేరింది. పిల్లలు తొట్టి చుట్టూ మూగారు. పెద్దవాళ్లు నిలబడటానికి చోటు లేక బాల్కనీలోని సోఫా మీద వంతులవారీగా కూర్చున్నారు. రాజనర్సయ్య భార్య పైనుంచి బట్టల మూట ఒకటి కట్టుకుని మరీ వచ్చింది. అరుణాదేవి ఆమెకు మంచినీళ్లిచ్చి లోపలి గదిలో కూర్చోబెట్టింది.

"కేదార్ గారూ" అన్నాడు చక్రపాణి. తను గెలిచినందుకు ఆయనకు సంతోషంగా లేదు. "ఎలాగైనా ఒక దారి చూడండి. ఇంతమంది ఎక్కడికి పోతారు?"

కేదార్ నిజంగానే బాధపడ్డాడు. కుర్చీ అంచున కూర్చుని నిబంధనల పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఒకటుంది సార్. అనుమతి పొందిన నివాసితో పాటు కొందరు ఉండవచ్చు. వాళ్లకు వేరే అనుమతి అక్కర్లేదు. మొదటిది, రక్తసంబంధీకులు."

అందరూ సున్నుండ వైపు ఆశగా చూశారు. అది బుగ్గలు నింపుకుంటోంది. పోలికలు ఉన్నవాళ్లు ఒకరిద్దరు ఉన్నారు గాని రుజువు చేయడం కష్టమని తేలింది.

"రెండోది, పనివాళ్లు. దానికి జీతం చీటీ కావాలి. మూడోది..." కేదార్ ఆగి, కళ్లు దించుకుని చదివాడు. "నివాసులు పెంచుకునే జంతువులు. దీనికి ఏ పత్రమూ అక్కర్లేదు. నోటి మాట చాలు."

చిన్నపిల్లలు కొందరు మొదట చేతులెత్తారు. తరవాత వాళ్ల తల్లులు ఎత్తారు. రెండో అంతస్తులోని బ్యాంకు మేనేజరు టై సర్దుకుని ఎత్తాడు. వార్డెన్ హోదాలో అరుణాదేవి ఒక్కొక్కరి పేరూ చెబుతూ ఉంటే, నివాసుల తరఫున సమ్మతి ఉన్నట్టు కేదార్ రాసుకుంటూ పోయాడు. ఆమె భర్త దగ్గరికి వచ్చేసరికి కాస్త మొహమాటపడింది. చక్రపాణి తనే చెయ్యెత్తాడు.

చివర రాజనర్సయ్య మిగిలాడు. ఆయనా మెల్లగా చెయ్యి లేపాడు. ఆ చెయ్యి పైనుండగానే అడిగాడు.

"గట్లయితే సార్, మాకు ఇల్లు పోదు గద? ఇంకేమన్న రూల్సున్నయా?"

"ఏమీ లేవు సార్" అన్నాడు కేదార్, కలం జేబులో పెట్టుకుంటూ, ఎంతో దయగా. "మీరు అరవకుండా ఉంటే చాలు."